‘స్వాహా’ ‘సొవకా’ అయిన చరిత్ర – శిక్షాశాస్త్ర దృష్టిలో ప్రాచ్య, ఆంగ్ల ఉచ్చారణలు





ఆలయమునకు వచ్చు భక్తులలో విదేశములందు ఉద్యోగములు చేయు పిల్లలు గలవారు ఈ మధ్య కాలమున రెండు ప్రశ్నలను తరచుగా అడుగుచున్నారు. జపాను దేశమున షింగోన్ సంప్రదాయపు ఆలయములలో అగ్నిని ప్రతిష్ఠించి ఆహుతులు వేయుదురు. దానిని వారు ‘గొమ’ అందురు. అది మన హోమమే. మంత్రాంతమున ‘స్వాహా’ అనవలసిన చోట ‘సొవకా’ అందురు. ‘మహా’ అనుటకు ‘మక’ అందురు. ఇది మంత్రమేనా, ఉచ్చారణ చెడిన మంత్రము ఫలించునా అనునది మొదటి ప్రశ్న. అమెరికాలో పుట్టిన మా మనుమలు ఆంగ్ల లిపిలో వ్రాసుకొని స్తోత్రములు చదువుచున్నారు, అది సరియేనా అనునది రెండవ ప్రశ్న.

ఈ రెండు ప్రశ్నలకు మూలము ఒక్కటే. ఒక జాతి నాలుకపై పుట్టిన వర్ణము మరొక జాతి నాలుకపైకి చేరినప్పుడు ఏమగును? దీనికి సమాధానము ఊహతో చెప్పదగినది కాదు. రెండు వేల సంవత్సరముల చరిత్ర దీనికి సాక్ష్యముగా ఉన్నది. ఆ చరిత్రలో మన ఆంధ్రదేశమునకు కూడ భాగము కలదు.

శిక్ష ఇచ్చిన ఆరు కొలతలు

వేదాంగములు ఆరింటిలో మొదట లెక్కించబడునది శిక్ష. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణను ఆరు అంశములుగా విభజించినది. అవి వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. వర్ణమనగా అకారాది ధ్వని. స్వరమనగా ఉదాత్తాది స్థాయి. మాత్ర అనగా ధ్వని నిలుచు కాలము. బలమనగా ప్రయత్న విశేషము. సామమనగా అతివేగము, అతిమందము కాని సమత. సంతానమనగా వర్ణముల ఎడతెగని కూర్పు, అనగా సంహిత.

ప్రపంచమున ఏ భాషను తీసుకొన్నను ఈ ఆరింటిలో కొన్నింటిని అర్థభేదమునకు వాడుకొనును, కొన్నింటిని విడిచిపెట్టును. చీనా భాష స్వరమును పట్టుకొన్నది. జపాను భాష మాత్రను పట్టుకొన్నది. ఆంగ్లము పదములో ఒక అక్షరముపై వేయు ఊనికను పట్టుకొన్నది. ఏ భాష దేనిని విడిచినదో, ఆ భాషీయుల చెవి దానిని వినుట మానును. నాలుక చెవినే అనుసరించును. ఇకముందు చెప్పబోవు చరిత్రనంతటిని ఈ ఒక్క సూత్రముతో అర్థము చేసికొనవచ్చును.

శ్రీపర్వతము నుండి చీనదేశమునకు

క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. నేడు దానిని నాగార్జునకొండ అనుచున్నాము. సాగర జలముల నడుమ ద్వీపముగా మిగిలినది. అచటి ఒక ప్రాకృత శాసనము వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున బోధిసిరి అను ఉపాసిక వేయించినది. అందు కాశ్మీర, గాంధార, చీన, చిలాత, యవన, ద్రమిళాది దేశములను ప్రసన్నము గావించిన ఆచార్యుల ప్రస్తావన కలదు. కృష్ణానదీ తీరమున నివసించినవారికి చీనదేశపు పేరు అప్పటికే పరిచితమని దీనివలన తెలియుచున్నది.

ఆ కొండకు పేరిచ్చిన నాగార్జునాచార్యుని గ్రంథములను కుమారజీవుడు క్రీ.శ. 5వ శతాబ్ది ఆరంభమున ఛాంగాన్ నగరములో చీనా భాషలోనికి అనువదించినాడు. నాగార్జున నామమును చీనులు ‘లుంగ్ షు’ అన్నారు. ‘లుంగ్’ అనగా నాగము, ‘షు’ అనగా వృక్షము. అర్జునమనగా తెల్లమద్ది చెట్టు గదా! అదే పేరు జపాను చేరి ‘ర్యూజు’ అయినది. చీనుల లకారము జపానులో రేఫగా మారుట ఇచట గమనింపదగినది. ఆ విషయమునకు ముందు ముందు వచ్చెదము.

క్రీ.శ. 629లో బయలుదేరి 645లో స్వదేశము చేరిన హ్యూయన్‌త్సాంగ్ యాత్రికుడు ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములుండి అచటి భిక్షువుల వద్ద అభిధర్మ గ్రంథములను అధ్యయనము చేసినాడు. ఆయన పేరిట ఒక అనువాద నియమము ప్రసిద్ధముగా నిలిచినది. ఐదు విధముల పదములను అనువదింపరాదు, ధ్వనిని మాత్రమే గ్రహింపవలెనని దాని సారము. రహస్యములైన ధారణీ మంత్రములు, ‘భగవత్’ వంటి బహ్వర్థక పదములు, జంబూవృక్షము వలె ఆ దేశమున లేని వస్తువులు, పూర్వులు ధ్వనితోనే స్థిరపరచిన పదములు, ‘ప్రజ్ఞ’ వలె అనువదించినచో గౌరవము తగ్గునవి. మంత్రమునకు ధ్వనియే శరీరమను మన సంప్రదాయ భావమును ఆ మహనీయుడు ఎంత చక్కగా గ్రహించినాడో చూడుడు.

అక్షరమాల లేని లిపిలో మంత్రము

ధ్వనిని గ్రహింపవలెనని నిశ్చయించుట సులభము. వ్రాయుట ఎట్లు? చీనా లిపిలో ప్రతి గుర్తు ఒక పూర్ణాక్షరమును, ఒక అర్థమును తెలుపును. అందు హల్లును అచ్చు నుండి విడదీసి వ్రాయుటకు వీలు లేదు. సంయుక్తాక్షరమునకు తావు లేదు.

అయినను అచటి పండితులు వెనుదీయలేదు. స్వాహా శబ్దములోని ‘స్వా’ వ్రాయుటకు ‘స’ గుర్తును, ‘వ’ గుర్తును ప్రక్కప్రక్కన వ్రాసి, క్రింద చిన్న అక్షరములతో ‘రెండు కలిసినవి’ అని సూచన వ్రాసినారు. దీర్ఘము వచ్చు చోట ‘లాగుము’ అని వ్రాసినారు. చీనా భాషలో లకారమే గాని మన రేఫ లేదు. అందుచే ‘ల’ ధ్వని గల గుర్తునకు ప్రక్కన ‘నోరు’ అను చిహ్నమును చేర్చి, ఇది సాధారణ లకారము కాదు, నోటితో ప్రత్యేకముగా పలుకవలెనని తెలిపినారు. ఓంకారమునకు, హుంకారమునకు కూడ ఇట్టి నోటి చిహ్నముతో గుర్తులు ఉన్నవి. శిక్షలోని వర్ణము, మాత్ర, సంతానము అను మూడు అంశములను, వాటికి అనువు కాని లిపిలో కాపాడుటకు చేసిన మహాప్రయత్నమిది.

ఈ శ్రమ వలన చీనులు తమ భాషనే క్రొత్తగా వినగలిగినారు. పూర్వము ఒక గుర్తు ధ్వనిని తెలుపుటకు రెండు గుర్తులను వాడుచుండిరి. మొదటిదాని ఆది ధ్వనిని, రెండవదాని మిగిలిన భాగమును కలిపి పలుకవలెను. 601లో లూ ఫాయెన్ కూర్చిన ‘ఛియెయున్’ అను నిఘంటువు ఈ పద్ధతినే అనుసరించినది. తరువాత టాంగ్ వంశ కాలమున షౌవెన్ అను భిక్షువు పేరిట 30 ఆది హల్లుల పట్టిక వెలసినది. పిమ్మట అది 36 అయినది. ఆ పట్టికలు హల్లులను పెదవి, నాలుక, దవడ, దంతము, కంఠము అను స్థానములను బట్టి విభజించినవి. ప్రతి స్థానమున ‘స్వచ్ఛము’, ‘ఉపస్వచ్ఛము’, ‘కలుషము’, ‘ఉపకలుషము’ అని నాలుగు తరగతులు చూపినవి. పెదవి వరుసలో అవి క్రమముగా ప, ఫ, బ, మ. మన పవర్గమునే చూచుచున్నట్లు లేదా? భకారము ఒక్కటియే లేదు. ఏలయనగా ఘోష మహాప్రాణములు ఆ భాషలో లేవు. స్థాన ప్రయత్న విభాగము మన శిక్షా ప్రాతిశాఖ్యముల మార్గము. అది సంస్కృత వర్ణమాలను నేర్చిన భిక్షువుల ద్వారా అచటికి చేరినది.

స్వరము అను రహస్యము

ఇంద్రశత్రు వృత్తాంతమును వేదాధ్యాయులందరు ఎరుగుదురు. త్వష్ట ఇంద్రుని వధించు పుత్రుని కోరి హోమము చేసినాడు. పదము సరిగనే పలికినాడు. అంత్యోదాత్తముగా పలికినచో ‘ఇంద్రుని వధించువాడు’ అని అర్థము. ఆద్యుదాత్తముగా పలుకుటచే ‘ఇంద్రుడు వధించువాడుగా గలవాడు’ అని అర్థము మారినది. వృత్రుడు హతుడయినాడు. వర్ణములు మారలేదు, మాత్రలు మారలేదు, స్వరము మాత్రమే మారినది.

ఈ వృత్తాంతమును చీనా భాషీయునకు చెప్పినచో అతడు ఆశ్చర్యపడడు. వాని నిత్యజీవితమే అట్టిది. నేటి చీనా భాషలో ‘మై’ అను అక్షరమును క్రిందికి వంచి పలికినచో ‘కొనుట’, పై నుండి పడవేసి పలికినచో ‘అమ్ముట’. అంగడిలో స్వరము తప్పినవాడు కొనవచ్చి అమ్మువాడగును! ఆంగ్లమున నాదస్థాయి పదార్థమును మార్చదు. అచట అక్షరముపై వేయు ఊనికయే మార్చును. ‘రికార్డ్’ అను పదమున మొదట ఊనిక వేసినచో వస్తువు, చివర వేసినచో క్రియ. జపాను భాషలో నాదము ఎత్తు పల్లములు గలదైనను చీనా భాష వలె ప్రతి అక్షరమునకు నియతము కాదు.

చీనా భాషలో స్వరములు అప్పటికే ఉన్నను వాటిని నాలుగుగా గుర్తించి చెప్పిన ఖ్యాతి 5వ శతాబ్ది చివర ప్రసిద్ధుడైన షెన్ యూ అను కవికి, అతని సమకాలికులకు దక్కినది. సంస్కృత పఠనములోని ఉదాత్త, అనుదాత్త, స్వరితములను వినుట వలననే వారికి ఈ ఎరుక కలిగినదని 1934లో ఛెన్ యిన్‌కో అను ప్రసిద్ధ చారిత్రకుడు ప్రతిపాదించినాడు. విద్వాంసులందరు దానిని అంగీకరింపలేదు. ఆ ప్రతిపాదన నిలుచునో నిలువదో గాని, ఆ కాలపు భిక్షువులు పరభాషా పఠనము ద్వారా తమ భాషా ధ్వనులను పరీక్షించుకొనిరనుట నిస్సందేహము.

జపాను వర్ణమాలలో మన క్రమము

804లో కూకాయ్ అను యువ భిక్షువు జపాను నుండి చీనాకు సముద్రయానము చేసినాడు. ఛాంగాన్‌లో హుయికువో ఆచార్యుని వద్ద మంత్రదీక్ష పొందినాడు. భారతఖండము నుండి వచ్చిన ప్రజ్ఞుడను పండితుని వద్ద సంస్కృతము అభ్యసించినాడు. హుయికువో గురువు అమోఘవజ్రుడు. ఆయన గురువు దక్షిణ భారతము నుండి సముద్రమార్గమున వెళ్ళిన వజ్రబోధి. 806లో కూకాయ్ స్వదేశము చేరునప్పటికి ఆయన వెంట ‘సిద్ధం’ లిపిలో వ్రాసిన మంత్ర గ్రంథములున్నవి. ఆ లిపి మన దేశమున లుప్తమైనను జపాను ఆలయములలో నేటికిని వ్రాయబడుచున్నది. 880లో అన్నెన్ అను పండితుడు ‘షిత్తన్‌జో’ అను బృహద్గ్రంథమున అప్పటికి తెలిసిన వర్ణశాస్త్ర విషయములను సంగ్రహించినాడు.

ఈ అధ్యయనపు ఫలము జపాను పిల్లవాడు నేడు పలుకు వర్ణమాలలో కనిపించును. వారి అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరుసలు క, స, త, న, హ, మ, య, ర, వ. మన క చ ట త ప వర్గములను, య ర ల వ లను స్మరించుచు దీనిని మరల చదువుడు. ‘చ’ ఉండవలసిన చోట ‘స’ ఉన్నది. పూర్వము ఆ ధ్వని చకారమునకు సన్నిహితమని అనేక భాషావేత్తల అభిప్రాయము. ‘ప’ ఉండవలసిన చోట ‘హ’ ఉన్నది. పూర్వము ఆ వరుస నిజముగా పకారమే. మూర్ధన్యములు ఆ భాషలో లేవు గనుక ట వర్గము లేదు. ర, ల లకు ఒకే ధ్వని గనుక ఒకే వరుస. ఇట్లు మన మాతృకా క్రమము జపాను నిఘంటువుల క్రమమైనది.

ఇప్పుడు ‘మహా’ శబ్దము ‘మక’ ఎట్లయినదో తెలియును. ఆ పదము జపాను చేరునాటికి ఆ భాషలో హకారము లేదు. హకారమునకు సమీపముగా వారికి దొరికినది కకారము. అందుచే మహా ‘మక’ అయినది, స్వాహా ‘సొవకా’ అయినది. ‘ప్రజ్ఞా’ శబ్దము చీనా ద్వారా ‘పన్న్యా’ వంటి రూపముతో చేరినది. తరువాతి శతాబ్దులలో వారి పకారము హకారమైనది గనుక అది ‘హన్న్యా’ అయినది. హకారము కావలసినప్పుడు లేదు, వచ్చిన తరువాత పకారమును మ్రింగినది! దీనిని అజాగ్రత్త అని ఎవరనగలరు? ఒక జాతి నాలుక వెయ్యి సంవత్సరములలో నడచిన దారి ఇది.

చీనాలోని మరొక విశేషము చెప్పవలెను. ‘నమో’ శబ్దమును వ్రాయు రెండు గుర్తులు నేటి వాడుక భాషలో ‘నాన్ వూ’ అని పలుకబడును. కాని ఆలయమున మాత్రము అవే గుర్తులను చూచి ‘నామో’ అందురు. భాష మారినను గురుముఖ పరంపర పాత ధ్వనిని విడువలేదు. లిపి కాపాడలేనిదానిని చెవి కాపాడినది.

1443లో కొరియా రాజు సేజాంగ్ తన ప్రజలకొక క్రొత్త లిపిని నిర్మించి 1446లో ప్రకటించినాడు. అందలి మూల హల్లుల రూపములు ఉచ్చారణ వేళ నాలుక, పెదవి, దంతము, కంఠము ఉండు తీరును చిత్రించినవని ఆ కాలపు వ్యాఖ్యయే చెప్పుచున్నది. అల్పప్రాణ కకారమునకు ఒక గీత చేర్చినచో మహాప్రాణ ఖకారమగును. స్థాన ప్రయత్నములను కంటికి కనబడునట్లు లిఖించిన లిపి లోకమున బహు అరుదు.

పడమటివారు శిక్షను నేర్చిన విధము

1788లో సర్ విలియం జోన్స్ ఆసియా భాషల పదములను రోమను లిపిలో వ్రాయు విధానముపై కలకత్తా నుండి ఒక వ్యాసము ప్రకటించినాడు. ఒక ధ్వనికి ఒకే గుర్తు ఉండవలెనను మన లిపి ధర్మము ఆంగ్ల లిపికి లేదు. ఆ లోపమును తీర్చుటకు ఆయన పూనుకొన్నాడు. 19వ శతాబ్దిలో ప్రాతిశాఖ్యములు ముద్రితములై, ఘోషము, అఘోషము అను భేదము కంఠనాదము వలన కలుగునని ఐరోపా పండితులకు స్పష్టమైనది. భారతీయ వైయాకరణులు లేకున్నచో 19వ శతాబ్దపు ఆంగ్ల ధ్వనిశాస్త్రమును ఊహించుట కష్టమని లండను ఆచార్యుడు ఫర్త్ 1946లో అంగీకరించినాడు. చీనా భిక్షువులకు 8వ శతాబ్దిలో కలిగిన మేలు పడమటివారికి వెయ్యి సంవత్సరముల తరువాత కలిగినది.

ఈ రెండు ధారలు ఒక చోట కలిసినవి. 1879లో నాంజో బున్‌యూ అను జపాను భిక్షువు ఆక్స్‌ఫర్డ్ చేరి మాక్స్ ముల్లర్ వద్ద సంస్కృతము నేర్చినాడు. జపానులోని హోర్యూజీ ఆలయమున శతాబ్దములుగా భద్రపరచబడిన తాళపత్రములను వారిద్దరు 1884లో ప్రకటించినారు. ప్రజ్ఞాపారమితా హృదయము, ఉష్ణీషవిజయ ధారణి అను వాటి చివర సంస్కృత వర్ణమాల వ్రాయబడి ఉన్నది. భారతీయ వర్ణమాల జపాను ఆలయమున నిలిచి, జపాను భిక్షువు ద్వారా ఆంగ్లదేశమున వెలుగు చూచినది.

ఎవరి చెవి వారిది

పెదవి స్పర్శములను మరల చూడుడు. సంస్కృతమున ప, ఫ, బ, భ అని నాలుగు. ఘోషము ఒక కొలత, ప్రాణము మరొక కొలత. నేటి చీనా భాష ప్రాణమును మాత్రమే ఉంచుకొన్నది. వారి రాజధాని పేరును మనము ఆంగ్ల వ్రాతను చూచి ‘బీజింగ్’ అనుచున్నాము గాని, వారు పలుకు ఆది ధ్వని అల్పప్రాణ పకారమే. జపాను భాష ఘోషమును మాత్రమే ఉంచుకొన్నది. కొరియా భాషలో సడలినది, బిగిసినది, ప్రాణముతో కూడినది అని మూడు విధములు. ఆంగ్లేయుడు ‘పెన్’ అనునప్పుడు ప్రాణమును వదలును, ‘స్పూన్’ అనునప్పుడు వదలడు. తాను రెండు విధముల పలుకుచున్నానని ఎరుగడు.

కాఫీ ఒకటే, పేర్లు చూడుడు. ఆంగ్లమున పెదవి దంతముల నడుమ ఊదిన ధ్వని. జపాను ‘కోహీ’, కొరియా ‘కొపి’, చీనా ‘ఖాఫెయ్’. మన పల్లెలలో ‘కాపీ’. పదాంతమున హల్లు నిలువక అచ్చు చేరుటలో తెలుగు, జపాను భాషలు అక్కచెల్లెండ్రు. ‘బస్’ మనకు ‘బస్సు’, వారికి ‘బసు’. ‘గ్లాస్’ మనకు ‘గ్లాసు’, వారికి ‘గురాసు’. జపాను వారు ఆంగ్లమున ర, ల లను కలిపివేయుదురని నవ్వువారు మన శాస్త్రమును మరచినారు. ర, ల లకు అభేదము చెప్పు న్యాయము మనకు లేదా? ‘కృప్’ ధాతువు రేఫకు లకారము వచ్చి ‘కల్పము’ సిద్ధించుటకు పాణిని సూత్రమే ఉన్నది. కళింగమున ధౌలి, జౌగడలలోని అశోకుని శాసనములలో ‘రాజా’ అను పదము ‘లాజా’ అయినది. మరి ఆంగ్లమున రెండు విధములైన వకారములు కలవు. దంతము తగులునది ఒకటి, పెదవులు గుండ్రముగా చేయునది మరొకటి. మనము రెండింటిని ఒకే వకారముతో పలుకుచున్నాము. ఆంగ్లేయునికి మనము జపానువారమే!

మా జహీరాబాదు పేరే ఈ విషయమునకు చక్కని ఉదాహరణము. సహాయకుడని అర్థమిచ్చు ‘జహీర్’ శబ్దము అరబ్బీ భాషలో ఒక గంభీరమైన, నాలుక వెనుకకు బిగించి పలుకు ధ్వనితో ఆరంభమగును. ఉర్దూలో అక్షరము మిగిలినది గాని ధ్వని సులభమైనది. తెలుగున అది జకారమైనది. సమీపమున కేతకీ సంగమేశ్వరుడు వెలసిన ఝరాసంగమున ఝకారము మహాప్రాణము; వాడుకలో ఎందరి నోట అది జకారముగ వినబడునో వేరుగ చెప్పనక్కరలేదు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలిసి వినబడు ఈ సీమలో ప్రతి పదము నాలుగు నాలుకలపై నాలుగు విధముల పలుకుచున్నది.

ఈ చెవి ఎప్పుడు స్థిరపడును? 1984లో జానెట్ వెర్కర్ మొదలగు పరిశోధకులు ఆంగ్ల కుటుంబములలోని శిశువులకు హిందీలోని దంత్య తకారమును, మూర్ధన్య టకారమును వినిపించి పరీక్షించినారు. 6 నుండి 8 మాసముల శిశువులలో అధికులు భేదమును గుర్తించినారు. సంవత్సరము సమీపించునప్పటికి ఆ శక్తి చాలవరకు సన్నగిలినది. ప్రతి శిశువు సర్వ వర్ణములకు అధికారిగనే జన్మించి, మాతృభాషను వినుచు ఇతరములను విడిచివేయును. బాల్యముననే గురుముఖమున వినిపింపవలెనను మన నియమములోని వివేకము ఇచట కనబడుచున్నది.

శాఖాభేదము, ప్రమాదము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మన వేదాధ్యయనముననే ఉచ్చారణ భేదములు కలవు. ఋగ్వేదులు రెండు అచ్చుల నడుమ డకారమును ళకారముగా పలుకుదురు. కృష్ణయజుర్వేదులమైన మేము అనుస్వారమును కొన్ని చోట్ల గకార యుక్తముగా పలుకుదుము. శుక్లయజుర్వేద మాధ్యందినులు షకారమును ఖకారముగా పలుకుట ప్రసిద్ధము. వీనిలో ఒకటి శుద్ధము, మరొకటి అశుద్ధము అని శాస్త్రము చెప్పలేదు. నియమము ఉన్నది, గురువు ఉన్నాడు, పరంపర ఉన్నది. కావున అది శాఖాభేదము.

ప్రమాదము వేరు. సంస్కృతమున ప్రమాదమనగా అజాగ్రత్త. వినక, విచారింపక, లిపిని చూచి తోచినట్లు పలుకుట ప్రమాదము. దానికి పరంపర లేదు, నియమము లేదు.

జపాను భిక్షువు ‘సొవకా’ అనుట ఈ రెండింటిలో దేనికి చేరును? అతడు తోచినట్లు పలుకుట లేదు. పన్నెండు వందల సంవత్సరములుగా గురువు పలికినట్లు శిష్యుడు పలుకుచున్నాడు. అది అపౌరుషేయమైన వేదము కాదు గనుక వేదమునకు చెప్పిన స్వరనియమము దానికి యథాతథముగా వర్తింపదు. వారి ఆగమమునకు వారి ఆచార్యులే ప్రమాణము. దానిని శాఖాభేదముతో పోల్చి గౌరవించుట సముచితమని నా అభిప్రాయము. అట్లని మనము స్వాహాకారమును ‘సొవకా’ అనరాదు. మన శాఖకు మన నియమము. ఇతరుల నియమమును గౌరవించుట, తన నియమమును సడలింపకుండుట పరస్పర విరుద్ధములు కావు.

రెండవ ప్రశ్నకు నా సమాధానము కొంత కఠినముగ ఉండును. అలంకార చిహ్నములు లేని ఆంగ్ల లిపిలో రాముడును రమాదేవియు ఒకే విధముగ వ్రాయబడుదురు. బలమునకు, బాలునకు భేదము లేదు. దినమునకు, దీనునకు భేదము లేదు. త, ట లకు ఒకే అక్షరము. న, ణ లకు ఒకటే. ల, ళ లకు ఒకటే. తకారమును చూచి ఆంగ్లము మాట్లాడు పిల్లవాడు తన దంతమూలీయ ధ్వనిని పలుకును. అది మన చెవికి టకారము. ఆ పిల్లవాని దోషము ఇందు ఏమియు లేదు. అతనికి వినిపింపని పెద్దలదే ఆ భారము. జపాను భిక్షువునకు హకారము భాషలోనే లేకుండెను. మన మనుమలకు తకారము ఇంటిలోనే ఉన్నది, నాయనమ్మ నోట ఉన్నది. ఉన్నదానిని ఇవ్వకపోవుటయే ప్రమాదము.

కావున తల్లిదండ్రులకు నా విన్నపము. మొదట వినిపింపుడు, తరువాత చూపుడు. ఒక్క చరణమును పది మారులు పలికి, పిల్లలచే పలికింపుడు. దూరదేశమున గురువు లభింపనిచో నిత్యము ఒక నియత సమయమున దూరవాణిలోనైనను పెద్దల గొంతు వినునట్లు చేయుడు. తెలుగు లిపి నేర్పుట ఉత్తమము. అది సాధ్యము కాని పక్షమున దీర్ఘములకు పైగీత, మూర్ధన్యములకు క్రింది చుక్క గల పండిత రోమను లిపిని వాడుడు. చీనా భిక్షువులు ‘లాగుము’, ‘రెండు కలిసినవి’ అని చిన్న అక్షరములతో వ్రాసికొన్న శ్రద్ధ అదియే. స్వరయుక్తమైన వేదమంత్రములను మాత్రము గురూపదేశము లేక పఠింపవద్దు. వారికి నామజపము, స్తోత్రములు చాలును. భక్తితో తడబడిన పలుకును భగవంతుడు స్వీకరించును. అయితే ఆ మాట నేర్చుకొనుచున్నవానికి ఊరట కావలెను గాని, నేర్చుకొనుట మానినవానికి సాకు కారాదు.

ధాన్యకటకమున మాసముల తరబడి కూర్చుండి పరభాషా వర్ణములను పట్టుకొన్న యాత్రికుడు మన మాతృభాషీయుడు కాడు. సముద్రములు దాటి సిద్ధాక్షరములను మోసికొనిపోయిన కూకాయ్‌కు మన వర్ణమాల జన్మతః లభించినది కాదు. వారు కష్టపడి సంపాదించినది మనకు ఊయలలోనే లభించినది. దానిని మన పిల్లల చెవిలో వేయుట మన ఋణము.

శుభం భూయాత్. స్వస్తి.